రాజీనామా లేఖ: రాసే ముందు, రాసేటప్పుడు, ఇచ్చిన తర్వాత

రాజీనామా లేఖ గురించి అడిగేవారిలో చాలామందికి మాటల మీదే బెంగ. ఎంత మర్యాదగా రాయాలి, కారణం చెప్పాలా వద్దా, కృతజ్ఞతలు ఎంత పొడవుండాలి అని. మర్యాద తక్కువైన లేఖ వల్ల నష్టపోయినవారు అరుదు. తేదీ సరిగా లేని లేఖ వల్ల, ఇచ్చినట్టు రుజువు లేని లేఖ వల్ల చివరి నెల జీతం, రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు సంస్థ ఇచ్చే పత్రం) ఆగిపోయినవారు మాత్రం చాలామంది ఉంటారు. అందుకే ఇక్కడ తేదీలకూ రుజువులకూ ఎక్కువ చోటిస్తున్నాను, అలంకారాలకు తక్కువ.

మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవారికైనా, హనుమకొండలో ఆస్పత్రి ఉద్యోగికైనా, కరీంనగర్‌లో ప్రైవేటు పాఠశాల టీచరుకైనా, గోదావరిఖనిలో కాంట్రాక్టు కార్మికుడికైనా పని వరస ఒకటే. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

1. ముందుగా కాగితాలు బయటికి తీయండి

లేఖ మొదలుపెట్టే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ వెతికి చదవండి. చేరిన రోజు సంతకం పెట్టి బీరువాలో పడేసిన ఆ కాగితంలోనే సగం సమాధానాలు ఉంటాయి. అందులో చూడాల్సినవి:

- నోటీసు కాలం, అంటే రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన రోజులు, ఎంత? ప్రొబేషన్‌లో (మొదట్లో ఉండే పరీక్షా కాలంలో) ఒక లెక్క, పర్మనెంట్ అయ్యాక మరో లెక్క ఉండవచ్చు.
- నోటీసుకు బదులు డబ్బు కట్టి ముందే వెళ్లే వీలుందా? ఉంటే మూల వేతనం మీదా, మొత్తం జీతం మీదా?
- ఇంతకాలం పనిచేస్తాను, లేకపోతే డబ్బు కడతాను అన్న బాండు ఉందా? ఎప్పటివరకు, ఎంత మొత్తానికి?
- బోనస్ లేదా ఇన్సెంటివ్ ఇచ్చే రోజున ఉద్యోగంలో ఉండాలన్న షరతు ఉందా? దసరా బోనస్ తీసుకుని మానేద్దామనుకునేవారు ఈ ఒక్క పంక్తినీ రెండుసార్లు చదవాలి. నోటీసులో ఉన్నవారికి బోనస్ లేదని రాసుకున్న సంస్థలున్నాయి.

చిన్న దుకాణాలు, ఫైనాన్స్ ఆఫీసులు, కోచింగ్ సెంటర్లలో అసలు అపాయింట్‌మెంట్ లెటరే ఇవ్వరు. అలాంటప్పుడు బ్యాంకు ఖాతాలో జీతం పడిన వివరాలు, పీఎఫ్ పాస్‌బుక్, గుర్తింపు కార్డు మీరు అక్కడ పనిచేసినట్టు రుజువులు. నోటీసు గురించి రాతపూర్వకంగా ఏమీ లేకపోతే ఒక నెల ఇవ్వడం మంచిది. ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి. ప్రైవేటు కాలేజీలు, పాఠశాలలు, కొన్ని నర్సింగ్ హోములు చేరేటప్పుడే పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా తీసి దగ్గర పెట్టుకుంటాయి. అవి తీసుకున్నట్టు మీకు రసీదు ఇచ్చారా? ఉంటే ఫొటో తీసి దాచండి. లేకపోతే ఏయే సర్టిఫికెట్లు ఇచ్చారో జాబితా రాసుకోండి, లేఖలో వాడుకోవచ్చు.

రాజీనామా ఇచ్చాక ఆఫీసు మెయిల్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. జీతం స్లిప్పులు, యూఏఎన్ (మీ పీఎఫ్ గుర్తింపు సంఖ్య), ఇంక్రిమెంట్ లెటర్లు ముందే సొంత మెయిల్‌కు చేర్చుకోండి. మీ కాగితాలు మాత్రమే. కస్టమర్ల జాబితాలు, సంస్థ ఫైళ్లు తీసుకెళ్తే అది వేరే కేసు అవుతుంది.

2. తేదీ లెక్క వేయండి

ఇక్కడ తొందరపడకండి. నోటీసు కాలం మొదలయ్యేది మీరు నిర్ణయం తీసుకున్న రోజున కాదు, మేనేజర్‌తో అన్న రోజునా కాదు. లేఖ సంస్థకు అందిన రోజు నుంచే లెక్క.

ఉదాహరణకు 60 రోజుల నోటీసు అనుకుందాం. జూన్ 2 తెలంగాణ అవతరణ దినోత్సవం, సెలవు. ఆ రోజు తేదీ వేసి లేఖ పంపితే తీసుకునేవారు ఉండరు, మరుసటి రోజు అందిందంటారు. అందుకే 2026 జూన్ 3, బుధవారం ఇచ్చారనుకోండి. మరునాటి నుంచి లెక్కిస్తే జూన్‌లో 27 రోజులు, జూలైలో 31 రోజులు, కలిపి 58. మిగిలిన రెండూ ఆగస్టు 1, 2. అంటే చివరి రోజు ఆగస్టు 2, ఆదివారం! ఆ రోజున తాళాలు, ల్యాప్‌టాప్ అప్పగించుకునేవారు ఎవరుంటారు? శుక్రవారం 31తో ముగిస్తారా, సోమవారం 3 దాకా రావాలా అన్నది హెచ్‌ఆర్‌ను ముందే అడిగి, ఒప్పుకున్న తేదీనే లేఖలో రాయండి.

30 రోజులు అనడానికీ ఒక నెల అనడానికీ తేడా ఉంది. జూలై 10న ఇచ్చిన లేఖకు 30 రోజులైతే ఆగస్టు 9, ఒక నెల అయితే ఆగస్టు 10. ఒక్క రోజే కదా అనిపిస్తుంది. కొత్త సంస్థలో చేరే తేదీ ఆగస్టు 10 అయినప్పుడు ఆ ఒక్క రోజే తలనొప్పి.

నోటీసు కాలంలో పెట్టిన సెలవులకు తగ్గట్టు చివరి రోజును పొడిగించే సంస్థలు ఉన్నాయి. మేడారం జాతరో, బతుకమ్మ సెలవులో, ఇంట్లో పెళ్లో ఆ రోజుల్లో పడుతుంటే ముందే మాట్లాడి మెయిల్‌లో రాయించుకోండి.

ఇక గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసిన సేవకు ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తం. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండితే అది మీ హక్కు. లెక్క: చివరి నెల మూల వేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 18,000 మూల వేతనం, ఐదేళ్ల సర్వీసు అయితే దాదాపు 51,900 రూపాయలు. నాలుగేళ్ల పది నెలలకు మానేస్తున్నవారు ఒక్కసారి ఆగి, చివరి రోజును ఐదేళ్లు దాటాక పెట్టుకోగలరేమో చూడండి. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలన్న తీర్పులున్న మాట నిజమే, కానీ యాభై వేల కోసం వాదులాడుతూ తిరగడం కంటే రెండు నెలలు ఆగడం సులువు. ప్రైవేటు పాఠశాలల టీచర్లకూ గ్రాట్యుటీ వర్తిస్తుంది. 2009 చట్ట సవరణతో వచ్చిన ఈ హక్కును సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. చాలా మంది టీచర్లు దీన్ని అడగనే అడగరు.

టీచర్లకు మరో మాట. ఏప్రిల్ చివర్లో పాఠశాల మూసే రోజున రాజీనామా ఇస్తే వేసవి జీతం ఎగ్గొట్టే యాజమాన్యాలు ఉన్నాయి. సెలవుల జీతం గురించి మీ నియామక పత్రంలో ఏముందో చూశాకే తేదీ పెట్టుకోండి.

3. ఎవరికి రాయాలో తేల్చుకోండి

మీకు జీతం ఎవరి పేరున వస్తుందో వారికే రాయాలి. మాటకు సులభమే, కానీ అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్టు ఉద్యోగుల్లో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. ప్రభుత్వ ఆస్పత్రిలోనో, మున్సిపల్ ఆఫీసులోనో, బొగ్గు గనుల దగ్గరో ఏజెన్సీ తరఫున పనిచేసేవారు అక్కడి అధికారికి లేఖ ఇచ్చి వెళ్లిపోతారు. ఏజెన్సీ రికార్డులో మాత్రం వారు గైర్హాజరే. జీతం స్లిప్పు మీద, పీఎఫ్ పాస్‌బుక్‌లో యజమానిగా ఏ పేరుందో చూసి ఆ ఏజెన్సీకి రాయండి. పనిచేసే చోటి అధికారికి ఒక నకలు ఇవ్వండి.

మామూలు కంపెనీల్లో నేరుగా పై అధికారికి, నకలు హెచ్‌ఆర్‌కు. పాఠశాలలో కరెస్పాండెంట్‌కు, ప్రిన్సిపాల్ ద్వారా.

4. లేఖకు ముందు నోటిమాట

వరస ఇలా ఉండాలి: కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్ చేతికి రావాలి, తర్వాత పై అధికారికి ముఖాముఖి చెప్పాలి, అదే రోజు లేఖ ఇవ్వాలి, ఆ తర్వాతే తోటివారికి. హనుమకొండలో పొద్దున టీ కొట్టు దగ్గర అన్న మాట మధ్యాహ్నానికల్లా యజమాని చెవిన పడుతుంది. ఆయనకు మీ నోటి నుంచి కాకుండా వేరొకరి ద్వారా తెలిస్తే మిగిలిన రెండు నెలలూ బరువే.

గల్ఫ్‌కు వెళ్లేవారు వీసా కాపీ, ఉద్యోగ ఒప్పందం చేతికి వచ్చేదాకా ఇక్కడి ఉద్యోగం వదలొద్దు. ఏజెంటు మాటను నమ్మి ముందే రాజీనామా చేయకండి.

మాట్లాడేటప్పుడు జీతం పెంచుతామని అనవచ్చు. ఉండే ఉద్దేశం లేకపోతే బేరానికి దిగకండి. “నిర్ణయం తీసుకున్నాను సార్, పని సక్రమంగా అప్పగించి వెళ్తాను” అంటే చాలు.

5. లేఖలో ఏముండాలి

ఒక పేజీ దాటకూడదు. అర పేజీ అయితే ఇంకా మంచిది. మీ లేఖను మూడేళ్ల తర్వాత ఫైల్లో చదివేది మిమ్మల్ని ఎన్నడూ చూడని ఉద్యోగి. ఆయనకు అర్థం కావాల్సినవి ఇవి:

- లేఖ ఇచ్చే తేదీ
- ఎవరికి, ఏ హోదాలో ఉన్నవారికి
- మీ పేరు, ఉద్యోగి నంబరు, హోదా, విభాగం
- రాజీనామా చేస్తున్నానన్న సూటి వాక్యం
- నోటీసు కాలం, చివరి పనిరోజు తేదీ
- పని అప్పగింతకు సిద్ధమన్న మాట
- మీకు రావాల్సిన కాగితాలు, బకాయిలు
- సొంత ఫోను నంబరు, సొంత మెయిల్, సంతకం

“రాజీనామా చేయాలని అనుకుంటున్నాను” అని రాయకండి. అనుకోవడం వేరు, చేయడం వేరు. ఆ మాట పట్టుకుని, ఆయన అడిగారే తప్ప చేయలేదని తర్వాత వాదించేవారు ఉంటారు.

కారణం ఒక్క వాక్యం. “మరో అవకాశం రావడం వల్ల” లేదా “వ్యక్తిగత కారణాల వల్ల”. ఇంతకు మించి రాయాల్సిన బాధ్యత మీకు లేదు. కొత్త కంపెనీ పేరు కూడా అవసరం లేదు.

నమూనా ఇది:

తేదీ: 03-06-2026
హనుమకొండ

శ్రీ ………… గారికి,
మేనేజర్, ………… విభాగం,
………… సంస్థ.

విషయం: ఉద్యోగానికి రాజీనామా – పేరు …………, ఉద్యోగి నంబరు …………

గౌరవనీయులైన సార్,

నేను మీ సంస్థలో ………… హోదాలో ………… తేదీ నుంచి పనిచేస్తున్నాను. మరో అవకాశం రావడం వల్ల ఈ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా నియామక నిబంధనల ప్రకారం 60 రోజుల నోటీసు ఇస్తున్నాను. 03-08-2026 సోమవారం నా చివరి పనిరోజు.

ఈలోగా నా పనులను మీరు సూచించిన వారికి అప్పగిస్తాను. పెండింగ్ పనుల జాబితాను ఈ వారంలో మీకు ఇస్తాను.

రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, తుది లెక్క ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడ పని నేర్చుకునే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు.

ఇట్లు,
(సంతకం)
పేరు, ఫోను నంబరు, సొంత మెయిల్

మీ ఆఫీసు ఉత్తరాలు ఇంగ్లిషులో నడిస్తే ఇదే వరసలో ఇంగ్లిషులో రాయండి. వాక్యాలు ఇంతే చిన్నవిగా ఉండాలి. ఇంటర్నెట్లో దొరికే బరువైన నమూనాల్లో సగం మాటలు మీ పరిస్థితికి అతకవు.

6. నమూనా సరిపోని సందర్భాలు

జీతం బకాయి ఉంటే: కోపం వద్దు, లెక్క రాయండి. “మార్చి, ఏప్రిల్ నెలల జీతం ఇంకా అందలేదు. తుది లెక్కలో కలిపి చెల్లించవలసిందిగా కోరుతున్నాను.” రెండే వాక్యాలు, కానీ రేపు కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాల్సి వస్తే పనికొచ్చేవి అవే.

సర్టిఫికెట్లు వారి దగ్గర ఉంటే: “చేరేటప్పుడు అందజేసిన నా పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ పట్టా చివరి పనిరోజున తిరిగి ఇప్పించగలరు” అని పేర్లతో రాయండి. ఒట్టిగా “నా సర్టిఫికెట్లు” అంటే చాలదు.

ముందుగా వెళ్లాల్సి వస్తే: డీఎస్సీలోనో, గ్రూప్స్‌లోనో ఎంపికైనవారికి చేరడానికి ఇచ్చే గడువు తక్కువ. నియామక ఉత్తర్వు నకలు జతచేసి, “………… తేదీలోగా చేరవలసి ఉన్నందున నోటీసు కాలంలో మిగిలిన రోజులను నా సెలవులతో సర్దుబాటు చేసి, తక్కువైన రోజులకు నిబంధనల మేరకు మొత్తం మినహాయించుకుని రిలీవ్ చేయగలరు” అని రాయండి. చెప్పకుండా మానేసి వెళ్లినవారికి తర్వాత అనుభవ పత్రం దొరకడం కష్టం.

ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే: మామూలు రాజీనామా చేస్తే పాత సర్వీసు పోతుంది. ముందుగా శాఖ అనుమతితో దరఖాస్తు చేసి, మరో ప్రభుత్వ పోస్టులో చేరడానికే రాజీనామా చేస్తున్నట్టు లేఖలో స్పష్టంగా రాస్తేనే ఆ సర్వీసును కలుపుకునే వీలుంటుంది. “వ్యక్తిగత కారణాలు” అన్న మాట ఇక్కడ రాయనే కూడదు.

రాజీనామా చేయమని వారే ఒత్తిడి చేస్తుంటే: ఆ గదిలో, ఆ క్షణాన సంతకం పెట్టకండి. ఒక రోజు సమయం అడగండి. “నా ఇష్టపూర్వకంగా” అని వారు రాసిచ్చిన వాక్యం మీద మీ సంతకం పడితే తర్వాత కాదనడం చాలా కష్టం. ఇల్లు చేరాక, జరిగిన సంభాషణను తేదీతో సహా మెయిల్‌లో రాసి వారికే పంపండి. కార్మిక చట్టాలు తెలిసిన వకీలును కలిశాకే తర్వాతి అడుగు.

7. ఇవ్వడం, అందినట్టు రుజువు తీసుకోవడం

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి వారికి, రెండోదాని మీద అందుకున్నవారి సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర. పెద్ద సంస్థల్లో ఇన్‌వార్డ్ నంబరు (వచ్చిన ఉత్తరాల రిజిస్టరులోని సంఖ్య) కూడా వేస్తారు. అదే రోజు సంతకం చేసిన లేఖను పీడీఎఫ్‌గా స్కాన్ చేసి మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు మెయిల్ చేయండి, నకలు మీ సొంత మెయిల్‌కు. కంపెనీ పోర్టల్లో రాజీనామా నమోదు చేసే పద్ధతి ఉంటే అదీ చేసి, తెర ఫొటో దాచండి.

వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు. నీలం టిక్కులు పడ్డాయని మీరంటారు, లేఖ ఎక్కడ ఉందని వారంటారు.

లేఖ తీసుకోవడానికే నిరాకరిస్తే? గొడవ పడకుండా బయటికి వచ్చి, దగ్గర్లోని పోస్టాఫీసు నుంచి అదే లేఖను స్పీడ్ పోస్టులో సంస్థ చిరునామాకు పంపండి. రసీదు, బట్వాడా అయినట్టు చూపే ఆన్‌లైన్ వివరాల ప్రింటు, లేఖ నకలు కలిపి పిన్ను చేసి పెట్టండి. అందిన తేదీ నుంచి మీ నోటీసు లెక్క నడుస్తుంది.

8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

కోపంలో “తక్షణమే రాజీనామా” అని రాయడం. అమలులోకి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. భవిష్యత్ తేదీతో ఇచ్చిన రాజీనామాను, నిబంధనల్లో అడ్డంకి లేకపోతే, ఆ తేదీకి ముందే ఉపసంహరించుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. మనసు మారితే వెంటనే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి, నోటితో సరిపెట్టకండి.

చివరి తేదీ తప్పు పడటం. పాత లేఖను కొట్టివేసి దిద్దకండి. “………… తేదీన ఇచ్చిన లేఖలో చివరి పనిరోజు పొరపాటున ………… అని పడింది, ………… గా చదువుకోగలరు” అని కొత్తది ఇచ్చి దానికీ సంతకం తీసుకోండి.

లేఖలో ఫిర్యాదులు రాయడం. వేధింపుల వంటి గంభీర విషయం ఉంటే దానికి విడిగా ఫిర్యాదు ఇవ్వాలి. రాజీనామాలో కలిపితే రెండూ పలచబడతాయి.

లేఖ ఇచ్చి, అంగీకారం వచ్చిందో లేదో అడగకపోవడం. వారం దాటినా జవాబు లేకపోతే పాత మెయిల్‌కే జవాబుగా ఒక్క వాక్యం పంపండి: “నా రాజీనామా అంగీకారాన్ని, చివరి పనిరోజును ధ్రువీకరించగలరు.”

9. నోటీసు కాలంలో

పని అప్పగింతను రాతలో చేయండి. ఏ ఫైలు ఎక్కడుంది, ఏ బాకీ ఎవరి దగ్గర, ఏ తాళం ఎవరికిచ్చారు అన్నది పట్టికగా రాసి, తీసుకున్నవారి సంతకం పెట్టించండి. డబ్బు చేతులు మారే ఉద్యోగాల్లో, అంటే చిట్‌ఫండ్ వసూళ్లు, ఆస్పత్రి బిల్లింగ్ కౌంటరు, మందుల దుకాణాల్లో, చివరి రోజు నగదు లెక్క సరిపోయినట్టు సంతకం లేకుండా బయటికి రావద్దు. లోటు ఆరు నెలల తర్వాత బయటపడినా, దారి మీ ఇంటికే చూపిస్తారు.

10. చివరి రోజు, ఆ తర్వాత

- నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న) పత్రం మీద అన్ని విభాగాల సంతకాలు
- గుర్తింపు కార్డు, ల్యాప్‌టాప్, సిమ్ అప్పగించినట్టు రసీదు
- రిలీవింగ్ లెటర్‌లో పేరు, హోదా, చేరిన తేదీ, వదిలిన తేదీ సరిగా ఉన్నాయో అక్కడే చదివి చూడటం
- ఒరిజినల్ సర్టిఫికెట్లు లెక్కపెట్టి తీసుకోవడం
- ఈ ఆర్థిక సంవత్సరంలో వచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు. కొత్త యజమానికి ఇవి ఇవ్వకపోతే పన్ను తక్కువ కోసి, రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి కట్టాల్సి వస్తుంది.

“నాకు రావాల్సినదంతా ముట్టింది” అన్న కాగితం మీద డబ్బు ఖాతాలో పడకముందే సంతకం పెట్టకండి. వారు పట్టుబట్టితే “ఇంకా అందవలసి ఉంది” అని మీ చేత్తో రాసి సంతకం చేయండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఉంది. నెలలు గడిచినా తిప్పుకుంటుంటే ఈ గడువులను పేర్కొంటూ ఒక మెయిల్ రాయండి. ఫోన్ల కంటే అది త్వరగా పనిచేస్తుంది.

మిగిలింది పీఎఫ్. పాత సంస్థ మీరు వదిలిన తేదీ నమోదు చేసిందో లేదో పోర్టల్లోని సర్వీస్ హిస్టరీలో చూడండి. చేయకపోతే ఉద్యోగం వదిలిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు. చివరి వాటా జమైన నెలలోని తేదీనే అది తీసుకుంటుంది, రిలీవింగ్ లెటర్ దగ్గర పెట్టుకుని అదే తేదీ వేయండి. ఆ తర్వాత డబ్బు తీయకుండా కొత్త ఖాతాకు బదిలీ పెట్టండి. పింఛనుకు కావాల్సిన పదేళ్ల సర్వీసులో పాత ఏళ్లు కూడా కలవడానికి అది సులువైన దారి.